ముకర్రర్ లేని చట్టం

2024 డిసెంబర్ చివర గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో సామూహిక వివాహాలు జరిగాయి. వాటికి వెళ్ళిన కవి, రాజ్యసభ సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ 46 సెకన్ల వీడియో ఒకటి పెట్టారు. ఆయన నడిచి వస్తుంటే పూలు చల్లుతుంటారు, వెనక ఒక ఉర్దూ నజ్మ్ వినిపిస్తుంటుంది. అంతే. 2025 జనవరి 3న ఎఫ్.ఐ.ఆర్. వేశారు, మతాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టాడని. గుజరాత్ హైకోర్టు కేసు కొట్టెయ్యనంది. మార్చి 28న సుప్రీంకోర్టు కొట్టేసింది.

తీర్పుకి మేమూ సంతోషించాం. కానీ ఆ నజ్మ్‌ని ఎవరు ఎలా విన్నారన్నది ఇంకా తేలలేదు.

నెత్తురు దాహంతో ఉన్నవాళ్ళని పిలిచి, మా మాట వినండి అంటుంది ఆ నజ్మ్. హక్కుల పోరులో అన్యాయం ఎదురైతే ప్రేమతోనే బదులిస్తామంటుంది. ఠాణాకి నెత్తురొక్కటే వినబడింది. మా కవిత్వంలో ప్రేయసినీ జాలిమ్ అంటాం, ఖాతిల్ అంటాం. ఆ 'నువ్వు' ప్రేయసి కావచ్చు, పాలకుడు కావచ్చు, ఖుదా కావచ్చు. ఎవరో తేల్చుకోవాల్సింది వినేవాడే. అందుకే ముషాయిరాలో శ్రోత ఊరికే కూచోడు. 'ముకర్రర్' అని కేకేసి మిస్రాని మళ్ళీ చదివిస్తాడు. ఒక్కసారి వింటే చాలదని ఒప్పుకున్న సభ అది. ఎఫ్.ఐ.ఆర్. రాసేవాడికి ఆ అలవాటు లేదు.

కోర్టు నజ్మ్‌ని ఇంగ్లీషులో చదువుకుంది. ఇందులో ఏ మతం ఊసూ లేదంది. నిజమే. అయితే అనుమానం వచ్చింది అర్థం మీదనా, భాష మీదనా? తెలుగు విప్లవ కవుల మీదా కేసులు పెట్టారు, 1974 సికింద్రాబాద్ కుట్ర కేసు మేం మరిచిపోలేదు. వాళ్ళని రాజ్యానికి శత్రువులన్నారు. మమ్మల్ని పక్కింటివాడికి శత్రువులంటున్నారు. ఈ తేడా చిన్నది కాదు.

తీర్పులో గట్టి మాటలు రెండున్నాయి. నేరమంతా మాటల్లోనే ఉందన్నప్పుడు పోలీసులు ముందు ఆ మాటల్ని చదవాలి, లేదా వినాలి. (ఇంత చిన్న సంగతి చెప్పించుకోడానికి ఢిల్లీ దాకా పోవాల్సి వచ్చింది!) రెండోది, మాట ప్రభావాన్ని దృఢమైన మనసున్నవాళ్ళని బట్టి కొలవాలి, ప్రతి విమర్శకీ బెదిరిపోయేవాళ్ళని బట్టి కాదు. అంటే ఇన్నాళ్ళూ గొంతునే బోనెక్కించిన న్యాయస్థానం ఈసారి చెవిని కూడా ప్రశ్నించింది.

ఇక మన సంగతి. ఉర్దూని తెలంగాణ 2017లో రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది, ఆంధ్రప్రదేశ్ 2022లో చేసింది. రేపు కరీంనగర్‌లోనో కర్నూలులోనో ఒక నజ్మ్ మీద ఫిర్యాదు వస్తే, ఉర్దూ రాని ఎస్సై దాన్ని ఎవరిచేత చెప్పించుకుని వింటాడు?