వయొలెట్ మాట ఎవరు నమ్మాలి?

ఈ వారం ఓటీటీలో చూసిన ఒక క్రైమ్ సిరీస్ చివరి ఎపిసోడ్ ఈ కాలమిస్టుకు ఒళ్లు మండించింది. మొదటి నుంచీ అంతుచిక్కకుండా భయపెట్టిన అమ్మాయిని, ఆఖర్న ఒక్క ఫ్లాష్‌బ్యాక్‌తో ‘పాపం’ అనిపించేసి చేతులు దులుపుకున్నారు. నేరం చేసిన ఆడపిల్లకు చిన్ననాటి గాయమొకటి అతికిస్తే కథ పూర్తయిపోతుందన్న అలవాటు మీద ఈ శీర్షిక పోరు ఇవాళ్టిది కాదు, పాత పాఠకులకు తెలుసు. ఆ కోపంతోనే క్లాడ్ షాబ్రోల్ 1978లో తీసిన ‘వయొలెట్ నొజియేర్’ మళ్లీ చూడాల్సి వచ్చింది.

ఇది జరిగిన కథ. వయొలెట్ తండ్రి బాప్టిస్ట్ రైలింజన్ డ్రైవరు. కాపురం పారిస్‌లో మడగాస్కర్ వీధిలోని ఇరుకు ఫ్లాట్‌లో. కూతురు చదువుకుంటోందని ఇంట్లో నమ్మకం. ఆమేమో లాటిన్ క్వార్టర్‌లో మగవాళ్లతో తిరుగుతూ, ప్రియుడు జాన్ దబాన్‌కు డబ్బు సర్దుతుండేది. తనకు సిఫిలిస్ సోకితే, అది వంశపారంపర్యంగా వచ్చిందని తల్లిదండ్రులను నమ్మించింది. డాక్టర్ ఇచ్చిన మందంటూ 1933 ఆగస్టు 21న ఇద్దరిచేతా మోతాదు మించిన నిద్రమందు తాగించింది. తండ్రి పోయాడు, తల్లి జెర్మేన్ బతికింది. వయొలెట్‌కు అప్పుడు 18 ఏళ్లు. పట్టుబడ్డాక ఆమె చెప్పిన కారణం: తండ్రి ఏళ్ల తరబడి తనను చెరుస్తున్నాడని.

ఆ మాట ఫ్రాన్స్‌ను కుదిపేసింది. తండ్రిని చంపిన రాక్షసి అని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. సర్రియలిస్టులు మాత్రం ఆమె పక్షాన నిలిచారు. బ్రెటన్, ఎల్యువార్ వంటి కవులు, దాలీ, మాగ్రిట్ వంటి చిత్రకారులు కలిసి ఆ ఏడాది డిసెంబర్‌లోనే ఆమె పేరుతో ఓ పుస్తకం తెచ్చారు. అది అచ్చయింది బ్రస్సెల్స్‌లో. కోర్టు ఆమెను నమ్మలేదు. 1934 అక్టోబర్‌లో మరణశిక్ష వేసింది. ఆ కాలంలో అక్కడ ఆడవాళ్లను గిలటిన్ ఎక్కించడం మానేశారు, అధ్యక్షుడు లెబ్రన్ దాన్ని యావజ్జీవ కఠినశిక్షగా మార్చాడు. తర్వాత జైల్లో ఉండగా ఆమె తండ్రి మీద ఆరోపణను వెనక్కి తీసుకుంది. అది అబద్ధం కాబట్టా? తల్లి మనసు మళ్లీ గెలుచుకోవడానికా? ఈ ప్రశ్న దగ్గరే ఎవరైనా ఆగిపోతారు.

షాబ్రోల్ కూడా ఆగాడు. కాని ఎలా?

ఫ్లాష్‌బ్యాక్‌లతోనే. ఈ సినిమా నిండా అవే. చెప్పాపెట్టకుండా కథ వెనక్కి వెళ్తుంది, ముందుకొస్తుంది. తండ్రీకూతుళ్ల పాత దృశ్యాలు మధ్యలో చొరబడతాయి. అవి జరిగినవా, జైల్లో కూర్చుని ఆమె అల్లుకున్నవా, ప్రేక్షకుడే తేల్చుకోవాలి. ఒకరికొకరు తగలకుండా ముగ్గురు మసలలేని ఆ ఇంటిని చూస్తుంటే ఆమె మాట నిజమనిపిస్తుంది. అంతలోనే, కళ్లార్పకుండా ఆమె ఆడే అబద్ధాలు చూసి అనుమానం పుడుతుంది. వయొలెట్‌గా నటించిన పాతికేళ్ల ఇజబెల్ ఉపేర్ ఎక్కడా జాలి అడుక్కోదు. కాన్ ఉత్సవంలో ఉత్తమ నటి బహుమతిని ఆమె జిల్ క్లేబర్గ్‌తో పంచుకుంది. తల్లిగా చేసిన స్టెఫాన్ ఓద్రాన్‌కు సెజార్ అవార్డు దక్కింది.

ఈ సినిమా చూశాక ఇక ఫ్లాష్‌బ్యాక్ వద్దనడం కుదరదు. గతాన్ని అసలు చూపించకుంటే షాబ్రోల్ 1934 నాటి కోర్టు పక్షాన చేరిపోయేవాడు. ఆ పిల్ల మాట వినిపించే చోటే ఉండేది కాదు. గతాన్ని సాక్ష్యంగా మన ముందు పెట్టాడు, తీర్పుగా కాదు. మన సిరీస్‌లు రాసేవాళ్లు నేర్చుకోవాల్సిన పని ఇదే.

వయొలెట్ 1945లో విడుదలైంది. పెళ్లి చేసుకుంది, ఐదుగురు పిల్లల్ని కన్నది. తల్లితో మళ్లీ కలిసింది. 1963లో రువాన్ న్యాయస్థానం ఆమెకు పౌరహక్కులు తిరిగి ఇచ్చింది. ఆ తర్వాత మూడేళ్లకు, 1966లో, కన్నుమూసింది.