కాలువ గట్టు మీది టీ అంగడి

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో కేసీ (కర్నూలు-కడప) కాలువ పక్కన కనిపించే పాత టీ అంగడిని ఒక చిన్న బతుకుతెరువని తేల్చేయడం అన్యాయం. చేతిపని తెలిసిన మనిషి నిలబెట్టే ఊరి చావడి అది. ఆ పనితనమే నా వాదనకు మొదటి సాక్ష్యం. టీ పొడి ఎక్కువసేపు మరిగితే వగరెక్కుతుంది, తక్కువ మరిగితే సారం దిగదు. పాలు అడుగంటకుండా సెగ తగ్గించాలి, గుడ్డలో వడకట్టిన డికాషన్ పాళ్లు తప్పకుండా కలపాలి. ఒకరికి చక్కెర తగ్గించాలి, మరొకరికి స్ట్రాంగుగా ఇవ్వాలి. ఈ కొలతలన్నీ టీ మాస్టర్ చేతిలోనే ఉంటాయి.

రెండో సాక్ష్యం అంగడి ముందరి బెంచీ. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించగా 1882లో ప్రభుత్వం కొనుక్కున్న ఈ కాలువను నమ్ముకున్న రైతుకు సుంకేసుల బ్యారేజీ నీళ్లు ఎప్పుడొస్తాయో, నాట్లకు కూలీలు దొరుకుతారో లేదో మాట్లాడుకునే చోటు కావాలి. అక్కడ పొద్దు వృథా అవుతుందని కొందరి ఆక్షేపణ. పంట ఆ కబుర్ల మీదే ఆధారపడినప్పుడు అరగంట ఎట్లా వృథా అవుతుంది? ఫోనులో వడ్ల ధర తెలుస్తుంది, నిజమే. ఆ ధరకు అమ్మాలా, ఆగాలా అని తర్కించడానికి ఎదురుగా మనిషి ఉండాలి. ఆడవాళ్లు అక్కడ నిమ్మళంగా కూర్చోలేరన్న అభ్యంతరం మాత్రం బలమైనది. ఆ బెంచీ వాళ్లదీ కావాలి. అప్పుడే మాస్టర్ పనితనానికి పూర్తి గౌరవం దక్కినట్టు.