జూదంలో పేదల వాటా: ఆన్‌లైన్ ఆటల చట్టం, పన్నులపై ఒక విమర్శ

ఏ కాలంలోనైనా జూదాన్ని జూదమనే పేరుతో సమర్థించినవారు అరుదు. దానికి ముందుగా గౌరవప్రదమైన ఒక పేరు పెడతారు. ఆపైన దానివల్ల సమాజానికి కలిగే ప్రయోజనమొకటి చూపుతారు. నేడు ఆ పేరు ‘నైపుణ్యపు ఆట’. ఆ ప్రయోజనం ‘ప్రభుత్వ ఆదాయం’. ఈ రెండు వాదాల బలాబలాలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం ఇందుకు తగిన సందర్భం కల్పించింది. ఆ చట్టాన్ని హర్షించడం ఎంత అవసరమో, అందులోని లోపాలను గుర్తించడం అంతే అవసరం.

మొదట ‘నైపుణ్యం’ అన్న మాట ఎక్కడి నుండి వచ్చినదో చూద్దాం. బ్రిటిషువారు 1867లో చేసిన బహిరంగ జూద చట్టం కేవలం నైపుణ్యంపై ఆధారపడిన ఆటలకు మినహాయింపు ఇచ్చింది. స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం పందేలు, జూదం అనే విషయాన్నీ, వాటిపై పన్నునూ రాష్ట్రాల జాబితాలో చేర్చింది. 1957లో సుప్రీంకోర్టు, జూదం వ్యాపారం కిందికి రాదని, కావున వ్యాపార స్వేచ్ఛకు రాజ్యాంగం ఇచ్చిన రక్షణ దానికి వర్తించదని తీర్పు చెప్పింది. అయితే నైపుణ్యం ప్రధానమైన పోటీలను ఈ పరిధి నుండి వేరుచేసింది. ఆ నాటి నుండి జూదం నడిపేవారందరూ ఆ గీతకు అవతలి వైపు నిలబడడానికే పాటుపడుతూ వచ్చారు.

ఈ కథలో మన ప్రాంతానికీ ఒక పాత్ర వున్నది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై నిజాం కాలపు హైదరాబాదు జూద చట్టం కింద నడచిన కేసులో, 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటయేనని చెప్పింది. ముక్కల పతనాన్ని గుర్తుంచుకోవాలి, చేతిలోవి ఏవి వుంచాలో ఏవి వదలాలో నిర్ణయించాలి గదా అన్నది న్యాయస్థానం చూపిన కారణం. అయితే అదే తీర్పులో మరొక మాట కూడా వున్నది: పందెం కాసి ఆడే ఆట నుండి క్లబ్బు యజమాని లాభం గడిస్తున్నట్లు రుజువైతే అది నేరం కావచ్చును. అర్ధశతాబ్ది తరువాత కోట్లాది ఫోన్లలోకి రమ్మీని చేర్చిన సంస్థలు ఆ తీర్పులోని మొదటి మాటను తమ ప్రకటనలకు పునాదిగా చేసుకొన్నాయి. రెండవ మాటను మరచిపోయాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూద చట్టాలను సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించవలసి వచ్చిన నేపథ్యం ఇదే.

ఇక ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ సమస్యను ఏ కొలతతో కొలిచినదో పరిశీలిద్దాం. ఆట కష్టమైనదా సులభమైనదా, బుద్ధితో గెలుస్తారా అదృష్టంతో గెలుస్తారా అన్నది ఫుఖహాలకు (ధర్మశాస్త్రవేత్తలకు) మొదటి ప్రశ్న కాదు. సొమ్ము ఎవరి చేతి నుండి వచ్చింది, ఓడినవాడు ఏమి కోల్పోయాడు అన్నదే మొదటి ప్రశ్న. చదరంగాన్ని చూడండి. అంతకు మించిన నైపుణ్యపు ఆట లేదు. పందెం లేకుండా ఆడే చదరంగం విషయంలో ధర్మశాస్త్రవేత్తలలో భేదాభిప్రాయాలు వున్నాయి. ఇరువురూ సొమ్ము ఒడ్డి ఆడితే మాత్రం అది ఖిమార్ (జూదం) అనడంలో భేదాభిప్రాయం లేదు. గుర్రపు పందేలు, ఒంటె పరుగులు, విలువిద్యలలో బహుమతిని దైవప్రవక్త (స) అనుమతించారు. అవి ఆనాటి రక్షణకు అవసరమైన విద్యలు. అక్కడ కూడా బహుమతి పాలకుడో మూడవ వ్యక్తియో ఇస్తే ఆక్షేపణ లేదు. పోటీదారులందరూ తలా కొంత ఒడ్డి, గెలిచినవాడు అంతా తీసుకొనే పద్ధతి వచ్చినప్పుడే ధర్మశాస్త్రవేత్తలు గట్టి షరతులు పెట్టారు.

పాఠకులు ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. 2025 చట్టం ‘ఆన్‌లైన్ డబ్బు ఆట’ను నిర్వచించేటప్పుడు నైపుణ్యం, అదృష్టం అన్న పాత విభజనను పక్కకు పెట్టింది. ఆట నైపుణ్యంపై ఆధారపడినా, అదృష్టంపై ఆధారపడినా, రెంటిపై ఆధారపడినా సరే, ధనలాభం ఆశించి రుసుమో, డిపాజిట్టో, మరే పందెమో చెల్లించి ఆడేదంతా ఆ నిర్వచనం కిందికే వస్తుంది. నిర్వాహకులకు 3 సంవత్సరాల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేసేవారికి 2 సంవత్సరాలు, 50 లక్షల వరకు శిక్ష నిర్ణయించి, ఆడేవారిని మాత్రం నేరస్థులుగా చూడలేదు. శతాబ్దాల క్రితం ఫుఖహాలు వేసిన ప్రశ్ననే నేటి శాసనకర్తలు వేయవలసి రావడం ఆలోచనాపరులకు గమనార్హం.

అయినా ఈ చట్టం సంపూర్ణమని చెప్పలేము. ఈ-స్పోర్ట్స్ అనే పోటీలకు ప్రవేశ రుసుమునూ, ప్రతిభ ఆధారంగా బహుమతినీ అనుమతించింది. ఆ రుసుము నిర్వహణ ఖర్చులకే పరిమితమైతే మంచిదే. పోటీదారుల రుసుములే రేపు బహుమతి నిధిగా మారితే, మూసిన వాకిలి పెరటి గుమ్మంగా తెరచుకొన్నట్లే. నియమాలు వ్రాసేవారు, వాటిని అమలు జరిపేవారు జాగరూకులై వుండవలసిన చోటు ఇది. ఈ చట్టాన్ని సవాలు చేస్తూ వివిధ హైకోర్టులలో వేసిన పిటిషన్లను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన వద్దకు బదిలీ చేసుకొన్నది. నైపుణ్యవాదం అక్కడా వినిపించక మానదు.

రెండవ వాదం ఆదాయానిది. ఇది మొదటి దానికంటే బలమైనది. ఏలనగా ఇది పేదల పేరు చెప్పుకొని వస్తుంది. 2023 అక్టోబరు 1 నుండి ఆన్‌లైన్ పందేలలో ఆటగాడు జమచేసే పూర్తి మొత్తంపై 28 శాతం వస్తు సేవల పన్ను విధించారు. అంతకు మునుపు సంస్థలు తాము తీసుకొనే రుసుముపై మాత్రమే 18 శాతం చెల్లిస్తూ వచ్చాయి. కొత్త విధానం వచ్చిన 6 నెలలలో ఈ రంగం నుండి ఆదాయం 1,349 కోట్ల నుండి 6,909 కోట్ల రూపాయలకు పెరిగినట్లు 2024 సెప్టెంబరులో కేంద్ర ఆర్థికమంత్రి ప్రకటించారు. మరుసటి సంవత్సరం, బిల్లు తెచ్చిన సందర్భంలో, దాదాపు 45 కోట్ల మంది ఏటా 20,000 కోట్ల రూపాయల మేర ఈ ఆటలలో నష్టపోతున్నారని అదే ప్రభుత్వం అంచనా చెప్పింది. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చదవాలి. ఖజానాకు చేరిన ప్రతి రూపాయి ఎవరో ఒకరు గెలుపు ఆశతో జమ చేసిన సొమ్ములోనిదే.

అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి మరొకటి. నిషేధ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. సెప్టెంబరు 3న సమావేశమైన జీఎస్టీ మండలి 28 శాతాన్ని 40 శాతానికి పెంచింది. ఆ జాబితాలో లాటరీ, గుర్రపు పందేలు, కాసినోలతో పాటు ఆన్‌లైన్ డబ్బు ఆటలూ వున్నాయి. నేరమని ప్రకటించిన పనికి రెండు వారాలలోనే పన్ను రేటు కూడా నిర్ణయమైనదన్న మాట! చట్టం కంటికి కనిపించకుండా నడిచే ఆటపై కూడా పన్ను వసూలు చేయడానికే ఇది అని ఎవరైనా సమాధానం చెప్పవచ్చు. కాని లాటరీకి, కాసినోకు, గుర్రపు పందేనికి ఆ సమాధానం చెల్లదు. అవి బహిరంగంగానే సాగుతున్నాయి. కొన్ని రాష్ట్రాలలో లాటరీని నడిపేది ప్రభుత్వమే. ఫోన్‌లో ఆడితే సంఘానికి చేటైనది, టికెట్టు కొని ఆడితే సంఘానికి ఆదాయమెలా అవుతుంది?

ఈ ఆదాయవాదం కొత్తదేమీ కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం జూదశాలలకు ఒక అధ్యక్షుని నియమించి, గెలుపులో 5 శాతం రాజుకు చేరాలన్నది. ముస్లిం పాలకులు సయితం ఈ ప్రలోభానికి అతీతులు కారు. మధ్యయుగాల ఈజిప్టులో మద్యం వంటి నిషిద్ధాలపై సుల్తానుల ఖజానాకు రాబడి వుండేది. 13వ శతాబ్దంలో సుల్తాన్ బైబర్స్ ఆ రాబడిని వదులుకొని మద్యాన్ని నిషేధించాడు. ఈ దోషం ఒక మతానిదో ఒక ప్రభుత్వానిదో కాదు, ఖజానా దృష్టితో మాత్రమే చూసే పాలనది.

అయితే ఈ వాదానికి అసలైన పూర్వరూపం అజ్ఞానకాలపు అరబ్బులలో కనిపిస్తుంది. ఖుర్‌ఆన్ నిషేధించిన ‘మైసిర్’ ఎలా నడిచేదో వ్యాఖ్యాతలు వివరించారు. ఒక ఒంటెను కొని, కోసి, వాటాలు వేసేవారు. 10 బాణాలు సంచిలో వేసి తీసేవారు. వాటిలో 7 బాణాలకు వాటాలు వుండేవి, 3 ఖాళీవి. ఖాళీ బాణం వచ్చినవాడు ఒంటె వెల చెల్లించాలి. గెలిచినవారు ఆ మాంసాన్ని తాము తినక పేదలకు పంచేవారు. కరువు రోజులలో అది ఘనకార్యంగా పేరు పొందేది. ఆటలో చేరనివాడిని పిసినారి అని ఎగతాళి చేసేవారు. అంటే ఆనాటి జూదంలో పేదలకు దక్కిన వాటా నేటి 28 శాతమో 40 శాతమో కాదు, గెలిచిన మాంసమంతా పేదలకే!

అయినప్పటికీ దివ్యగ్రంథం దానిని నిషేధించింది. అల్ బఖరా సూరాలోని 219వ వాక్యం మద్యంలోను జూదంలోను ప్రజలకు కొన్ని ప్రయోజనాలు వున్నట్లు ఒప్పుకొంటూనే, వాటి పాపం ప్రయోజనం కంటె పెద్దదని తేల్చింది. అల్ మాయిదాలోని 90, 91 వాక్యాలు నిషేధాన్ని పూర్తిచేస్తూ, పరస్పర వైరం, ద్వేషం, దైవస్మరణకు నమాజుకు దూరం కావడం అనే నష్టాలను పేర్కొన్నాయి. మరొక విశేషం: ఆ 219వ వాక్యంలోనే, జూదం ప్రసక్తి ముగియగానే, దానంగా ఏమి ఖర్చు పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. అవసరానికి మించినది ఖర్చు పెట్టాలన్నది సమాధానం. పేదవాని వాటా ఓడినవాని జేబులో నుండి కాదు, వున్నవాని మిగులులో నుండి రావాలన్న సూత్రం ఇక్కడ మనకు లభిస్తుంది. పన్ను విధానానికి సయితం ఇంతకంటె స్పష్టమైన దారి చూపే సూత్రం కావాలా?

నిషేధిస్తే జనం విదేశీ సైట్లకు పోతారనీ, ఉద్యోగాలు పోతాయనీ చెప్పేవారి మాటను తోసిపుచ్చరాదు. ఈ ఆటల సంస్థలలో పనిచేసిన యువకుల జీవనోపాధి నిజమైన సమస్యే. విదేశీ సైట్ల వాదంలోనూ నిజం వున్నది. చట్టం ఒక్కటే వ్యసనాన్ని మాన్పలేదు. కాని దాని నుండి తేలేది అమలు గట్టిపడాలన్న మాటే గాని, వ్యసనంలో ప్రభుత్వం వాటాదారు కావాలన్నది కాదు. రాబడి ఏటేటా పెరగాలని కోరుకొనే చెయ్యి, ఆట ఏటేటా తగ్గాలని మనస్ఫూర్తిగా కోరుకోలేదు.

చివరగా, ఈ విమర్శ మన ఇళ్లకూ వర్తిస్తుంది. క్రికెట్ పోటీల రోజులలో జట్లు కూర్చి డబ్బు కట్టే మన యువకులు ‘ఇది బుర్రతో ఆడేది గదా’ అని జవాబు చెపుతున్నారు. హరామ్ అన్న ఒక్క మాటతో వారిని మందలించి వూరుకోవడం చాలదు. పైన చెప్పిన కొలతను విప్పి చెప్పాలి. గెలిచిన సొమ్ములో కొంత దానం చేస్తే మిగిలినది శుద్ధి అవుతుందన్న భ్రమను తొలగించాలి. మైసిర్ ఆడినవారు మాంసమంతా దానం చేసినా అది శుద్ధి కాలేదు. ఇక అప్పుల పాలైనవాని సంగతి. ఉభయ తెలుగు రాష్ట్రాలలో ఇట్టి అప్పులతో ప్రాణాలు తీసుకొన్నవారి వార్తలు చదువుతూనే వున్నాము. జకాత్ పొందదగిన వర్గాలలో రుణగ్రస్తులు ఒకరు. పాపకార్యంలో చేసిన అప్పు అయినా, మనిషి తౌబా చేసి మరలినట్లయితే అతనికి ఇవ్వవచ్చునని పలువురు ఫుఖహాలు చెప్పారు. చట్టం అతనిని నేరస్థునిగా చూడలేదు. మసీదు కమిటీలు, బైతుల్‌మాల్ నిర్వాహకులు అతనిని అంతకంటె కఠినంగా చూడనవసరం లేదు. సిగ్గుతో దాక్కొన్న కుర్రవాడు తన అప్పు సంగతి వచ్చి చెప్పుకోగల చోటు ప్రతి మహల్లాలో ఒకటి ఏర్పడాలి. పేదల వాటా అనే మాటకు న్యాయమైన అర్థం అక్కడే మొదలవుతుంది.