మొండితనం అని రాయకండి

పద్దెనిమిదేళ్ల కిందట ప్రత్యేక విద్యలో శిక్షణ పొందుతున్న రోజుల్లో, నా పరిశీలన పుస్తకంలో రాసిన మొదటి వాక్యం ఇది: “బాబు ఈ రోజు చాలా మొండిగా ప్రవర్తించాడు.” సాయంత్రం మా మేడమ్ పుస్తకం తీసుకుని ‘మొండిగా’ అన్న మాట చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీశారు. “మొండితనం నీకెక్కడ కనిపించిందమ్మా? కంటికి కనిపించింది రాయి. ఏం చేశాడు? దానికి ముందు ఏం జరిగింది? తర్వాత నువ్వేం చేశావు?” అని అడిగారు. కొత్త పేజీలో నిలువుగా రెండు గీతలు గీసి మూడు గళ్లు చేశారు. ముందు, అప్పుడు, తర్వాత.

ఆమె బల్ల మీద ఎప్పుడూ ఒక కరదీపిక ఉండేది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ 1992లో ప్రత్యేక ఉపాధ్యాయుల కోసం తెచ్చిన పుస్తకం అది. రాసినవారు రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్. ప్రవర్తనను చూడగలిగేలా, లెక్కపెట్టగలిగేలా చెప్పాలన్న పట్టుదల మా మేడమ్‌కి అక్కడి నుంచే వచ్చింది. ఆమె నుంచి నాకు వచ్చింది.

మన ఇళ్లలో పిల్లల గురించి మాట వస్తే ముందు విశేషణాలే వస్తాయి. పెంకివాడు, మొండిఘటం, అచ్చం వాళ్ల తాత పోలిక. ఒకసారి ఆ పేరు పెట్టేశాక వెతకడానికి ఇంకేమీ మిగలదు. ఎందుకు విసిరాడంటే మొండివాడు కాబట్టి. మొండివాడని ఎలా తెలుసంటే విసిరాడు కాబట్టి. గానుగెద్దులా అక్కడే తిరుగుతాం. మా రంగంలో అందరూ ఏబీఏ అని పిలిచే అప్లయిడ్ బిహేవియర్ అనాలిసిస్, అంటే అనువర్తిత ప్రవర్తనా విశ్లేషణ, ఆ గానుగ విడిచి క్రియాపదాల దగ్గరికి రమ్మంటుంది.

బీఈడీ, టెట్ చదివినవాళ్లకు థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక గుర్తుండే ఉంటాయి. పెట్టెలో ఉంచిన పిల్లులు గడియ తీసుకుని బయటపడటం ఎలా నేర్చుకుంటాయో థార్న్‌డైక్ 1898లోనే వివరించాడు. స్కిన్నర్ 1938లో వెలువరించిన పుస్తకంతో ఆ ఆలోచనకు ఒక శాస్త్రంగా రూపం వచ్చింది. సారాంశం చిన్నదే. ఒక పని తర్వాత ఏం జరుగుతుందన్న దాన్ని బట్టి ఆ పని పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. పెంచేదాన్ని పునర్బలనం అంటాం. పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి. తరగతి గదిలో మాత్రం అదే సూత్రం కళ్లెదుట పనిచేస్తుంటే మూడు వారాలు గుర్తుపట్టలేకపోయాను.

ఆ బాబుకు ఏడేళ్లు, మాటలు తక్కువ. రాతపని మొదలుపెట్టగానే పలక నేలకేసి కొట్టేవాడు. నేను లేపి వరండాలో కూర్చోబెట్టేదాన్ని. అదే శిక్ష అనుకున్నాను. మొదటి వారం రోజుకు మూడు నాలుగుసార్లు విసిరాడు. మూడో వారానికి అది పది దాటింది. ఆ సాయంత్రం పేజీలన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ‘ముందు’ గడిలో ప్రతిసారీ రాతే. ‘తర్వాత’ గడిలో ప్రతిసారీ వరండానే. పలక విసిరితే చాలు, రాత తప్పుతుంది, చల్లగాలి దొరుకుతుంది. ఆ మూడు వారాలూ నేను వాడికి విసరడం నేర్పాను. ఇబ్బందిపెట్టేది తొలగిపోవడం వల్ల ఒక పని బలపడితే దాన్ని ఋణాత్మక పునర్బలనం అంటారు. చాలామంది దాన్ని శిక్ష అనుకుంటారు. నేను విధించింది శిక్షో కాదో తేల్చాల్సింది నా ఉద్దేశం కాదు, నా పుస్తకంలోని లెక్క.

ఏ ప్రవర్తనైనా పిల్లలకు ఏదో ఒకటి సాధించిపెడుతుంది. కావలసిన వస్తువు దొరకొచ్చు, పెద్దవాళ్లు తమవైపు తిరగొచ్చు, కష్టమైన పని తప్పొచ్చు. కొన్నిసార్లు ఆ కదలికలోనే హాయి ఉండొచ్చు. అదేమిటో కనిపెట్టి, దాన్నే సాధించే మరింత సులువైన దారి చూపాలి. ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ 1985లో చూపించింది ఇదే. పాఠం కష్టమై గొడవ చేసే పిల్లలకు, అర్థం కాలేదని చెప్పడం నేర్పితే ఆ గొడవ తగ్గింది. నేను ఒక అట్టముక్క మీద అరచెయ్యి బొమ్మ గీసి ‘చాలు’ అని రాశాను. బాబు పలక ఎత్తేలోపే వాడి చేతిని మెల్లగా ఆ కార్డు వైపు నడిపించి, వెంటనే విరామం ఇచ్చాను. రాతపని కూడా పేజీ నుంచి రెండక్షరాలకు తగ్గించాను. రోజులు గడిచేకొద్దీ నా చెయ్యి అవసరం తగ్గింది. నెల తిరిగేసరికి పలక విసరడం అరుదైపోయింది.

ఈ పనికి ఎంత ఓపిక కావాలో తలచుకున్నప్పుడల్లా 1964లో అచ్చయిన ఒక వ్యాసం గుర్తొస్తుంది. అమెరికాలో డిక్కీ అనే మూడున్నరేళ్ల ఆటిజం ఉన్న పిల్లవాడు. శుక్లాలకు ఆపరేషన్ చేసి కంటి కటకాలు తీసేశారు. కళ్లజోడు పెట్టుకోకపోతే చూపు పోతుంది. వాడేమో పెట్టుకోడు. మాంట్రోజ్ వుల్ఫ్, టాడ్ రిస్లీ, హేడెన్ మీస్ అద్దాల్లేని ఉత్త ఫ్రేములతో మొదలుపెట్టారు. ఫ్రేము ముట్టుకుంటే, చేత్తో పట్టుకుంటే, కళ్ల దాకా తెచ్చుకుంటే ఏదో ఒకటి తినడానికి ఇచ్చారు. అలా మెట్టు మెట్టుగా సాగి, చివరికి వాడు రోజుకు దాదాపు పన్నెండు గంటలు కళ్లజోడు పెట్టుకున్నాడు. వుల్ఫ్, రిస్లీ 1968లో డోనాల్డ్ బేర్‌తో కలిసి ఈ రంగానికి గీటురాళ్లు నిర్ణయించారు. మార్చబోయే ప్రవర్తన ఆ మనిషి బతుకులో ముఖ్యమైనదై ఉండాలి. వచ్చిన మార్పు నిలవాలి, వేరే చోట్లకూ పాకాలి.

పాకడం అన్న దగ్గరే నా బాబు ఆగిపోయాడు. బడిలో కార్డు చూపేవాడు, ఇంట్లో అన్నం పళ్లెం తోసేసేవాడు. చేతిలో ఫోను ఉంటేనే ముద్ద మింగేవాడు. వాళ్లమ్మ ఫోను దాచేసింది. రెండు రోజులు ఏడ్చాడు. మూడో రోజు గొంతు పోయేలా ఏడిస్తే తట్టుకోలేక ఇచ్చేసింది. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అంటారు కదా, ఫలితం దొరకని ప్రవర్తన కూడా తగ్గే ముందు ఒకసారి అలాగే భగ్గుమంటుంది. సరిగ్గా ఆ ఘడియలో లొంగిపోతే, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని నేర్పినట్టవుతుంది. ఆమె ఒంటరిగా మోయాల్సిన భారం కాదది. అందుకే డిక్కీ మెట్లే పట్టుకున్నాం. మొదట ఫోను లేకుండా ఒక్క ముద్ద, ఆ వెంటనే ఫోను. తర్వాత రెండు, ఆ తర్వాత నాలుగు. పళ్లెం పక్కనే ‘చాలు’ కార్డు.

ఈ విద్యకున్న చీకటి కోణం గురించి కూడా చెప్పాలి. 1960లలో ఐవార్ లోవాస్ ఆటిజం ఉన్న పిల్లలపై చెంపదెబ్బలు, కరెంటు షాకులు ప్రయోగించాడు. 1987లో ఆయనే, ఇంటెన్సివ్ శిక్షణ పొందిన 19 మంది పిల్లల్లో 9 మంది సాధారణ తరగతులకు చేరారని ప్రకటించినప్పుడు ప్రపంచంలోని తల్లిదండ్రులు ఆశగా చూశారు. అలాంటి శిక్షణల్లో పెరిగి పెద్దవాళ్లైన వాళ్లు ఇప్పుడు మాట్లాడుతున్నారు. తమను తాము దాచుకోవడమే తమకు నేర్పారని చాలామంది అంటున్నారు. ఆ మాటలు నాకు తగులుతాయి. సంతోషం వేస్తే వేళ్లు ఆడించే ఒక పాపకు ఏడాదిపాటు ‘చేతులు కిందికి’ అని నేర్పాను. ఆ వేళ్లు ఎవరికీ హాని చేయలేదు. చూసేవాళ్ల కోసం ఆ పాప సంతోషాన్ని అణిచాను. ఈ రోజైతే ఆ లక్ష్యాన్ని పుస్తకంలో రాయను. ఇప్పుడు ఏ పిల్లల దగ్గరైనా మొదటి పాఠం ‘చాలు’ అన్న మాటే. ఆ మాట చెప్పినప్పుడు మనం నిజంగా ఆగాలి. ఆగకపోతే అది ఉత్త అట్టముక్క.

బాబు వాళ్లమ్మకూ మూడు గళ్ల పుస్తకం ఒకటి ఇచ్చాను. మొదటి పేజీల్లో ‘పేచీ’, ‘మొండి’ అన్న మాటలు కనిపించేవి. నేను వాటి చుట్టూ గీత గీసేదాన్ని. ఆరో వారం ఒక రాత్రి ఆమె ఇలా రాసింది: “పప్పన్నం పెట్టాను. ఫోను లేకుండా ఏడు ముద్దలు తిన్నాడు. ఇంకా రెండు ముద్దలున్నాయి. కార్డు చూపించాడు. పళ్లెం తీసేశాను.”

పళ్లెంలో రెండు ముద్దలు మిగిలి ఉండగా తీసేయడం ఏ తల్లికి తేలిక? ఆ పేజీలో నేను ఏ మాట చుట్టూ గీత గీయలేదు.