రెండు కొమ్మలు

ముసురు పట్టిన సాయంత్రం మా కంకిపాడు వీధిలో ఎవరింట్లో వామాకు బజ్జీలు వేస్తున్నారో గోడ అవతల నుంచే తెలిసిపోతుంది. శనగపిండి వేగే వాసన ఏ బజ్జీకైనా ఉండేదే. దాని వెనకే వచ్చి ముక్కు పట్టేసే ఘాటు మాత్రం ఈ ఆకుదే.

ముదురూ లేతా కాని ఆకుల్ని కాడతో తుంచాలి. కడిగి, గుడ్డ మీద ఒత్తి తడి తీయాలి. ఆకు నూగులో నీటిబొట్టు మిగిలిందంటే పిండి పట్టదు సరికదా, నూనె చిట్లి చేతి మీద పడుతుంది. ఒకసారి అలవాటుకొద్దీ పిండిలో చిటికెడు వాము కూడా వేశాను. "ఆకులో ఉన్నది చాల్లేదా ఏమే?" అంది అమ్మ.

అమ్మ అన్నది నిజమే. వాము గింజలిచ్చే మొక్క కొత్తిమీర కుటుంబానిది, వామాకుది తులసి కుటుంబం. చుట్టరికం లేకపోయినా థైమాల్ అనే పదార్థం రెండింటి నూనెల్లోనూ ఉంటుంది. వామాకులో దానికి కార్వక్రాల్ కూడా తోడు. అందుకే వాసనా కలిసింది, పేరూ కలిసింది.

పిల్లలకు జలుబు చేస్తే మా అమ్మమ్మ ఆకును సెగకు వాడ్చి, రసం పిండి, తేనెలో నాలుగు చుక్కలు కలిపి నాకించేది. ఏడాది నిండని పసివాళ్లకు తేనె వద్దని డాక్టర్లు చెబుతున్నారు కాబట్టి మేం ఆ పని మానేశాం. పెద్దవాళ్లం మాత్రం ఆకు వేయించి పెరుగుపచ్చడి చేసుకుంటాం. మన బాలింతలకు వాము పెట్టినట్టే, సుమత్రాలో బటాక్ తెగ బాలింతలకు పాలు పడాలని ఈ ఆకుతోనే పులుసులాంటిది కాచి పెడతారు.

దీనికి విత్తనం వెతుక్కునే పని లేదు. జానెడు కొమ్మ విరిచి గుచ్చితే బతుకుతుంది. నీళ్లు నిలిస్తే మాత్రం కుళ్లుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది. మా కుండీకి అంత వరద అక్కర్లేకపోయింది, ఆ వానకే మొక్క మెత్తబడి పోయింది. నెల తర్వాత ఉయ్యూరు వెళ్తే, ఎప్పుడో నేనిచ్చిన కొమ్మ పిన్ని పెరట్లో గుబురుగా ఉంది. అడక్కుండానే విరిచి చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఎవరడిగినా రెండు కొమ్మలు ఇస్తున్నాను. ఒకటి వాళ్లకి. రెండోది, మా కుండీ మళ్లీ కుళ్లితే నాకు.