కారు వచ్చింది, ఆమె వచ్చింది

"నవలలు రాసుకునేదానివి, నీకు కార్ల గోలెందుకోయ్?" అన్నారు మావారు, నేనీ వ్యాసం మొదలెట్టానని తెలిసి. ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. బోనెట్ ఎత్తి చూపిస్తే అందులో ఏది ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలీదు. కానీ ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో సాయంకాలం కాఫీ వేళ జరిగే చర్చలన్నీ ఇటలీ స్పోర్ట్స్ కార్ల మీదేనండీ! మావారూ, ఆయన స్నేహితులిద్దరూ కూర్చున్నారంటే ఇక ఆల్ఫా రోమియో, లాంచియా, ఫెరారీ. వాళ్ళలో ఒక్కరికీ ఆ కార్లు లేవు. ప్రేమకి అదేమీ అడ్డం కాదు కదా.

వంటింట్లో పకోడీలు వేయిస్తూ వాళ్ళ మాటలు వింటుంటాను. "అందగత్తే, కానీ చెప్పిన మాట వినదు." "పొద్దున్నే అలుగుతుంది, బతిమాలుకోవాలి." "తెలిసినవాడి చేతిలో పడితే ప్రాణం ఇస్తుంది." "జర్మన్ కారు బుద్ధిమంతురాలే. కానీ దానితో కబుర్లేముంటాయి?" చూశారా, ఇవి కార్ల గురించిన మాటలేనా? మన పాత నవలల్లో నాయికల వర్ణనలు కావూ! అంచేత ఈ విషయంలో నాకూ కాస్త హక్కుందనిపించింది. ఇంజను సంగతి మెకానిక్కు చూసుకుంటాడు. పాత్రచిత్రణ సంగతి నేను చూస్తాను.

ఈ వరస నిన్నా మొన్నా మొదలైంది కాదు. ఇటలీ భాషలో ప్రతి నామవాచకానికీ పుంలింగమో స్త్రీలింగమో ఉండి తీరాలి. మోటారుకారు కొత్తగా వచ్చిన రోజుల్లో అది ఆడా మగా అన్నది వాళ్ళకి తేలలేదు. 1909లో మరినెట్టి అనే కవి గర్జించే కారుని పొగుడుతూ దాన్ని మగవాణ్ణి చేసి రాశాడు. 1920లో ఇంకో మహాకవి దన్నుంజియో, ఫియట్ అధిపతి అన్యెల్లికి ఉత్తరం రాస్తూ, కాదు, కారు స్త్రీయేనని తీర్పు చెప్పాడు. కారణాలేమిటంటే, దానికి సొగసుందిట, నాజూకుందిట, మనసు దోచే చలాకీతనముందిట. అక్కడితో ఆగినా బాగుండేది. ఆడవాళ్ళలో కనిపించని సుగుణం కూడా ఒకటి దానికుందన్నాడు. అదేమిటంటే, చెప్పింది చెప్పినట్టు వినడం!

ఇటలీవాళ్ళని చూసి నవ్వుకునే ముందు మన ఇంటి సంగతీ చూసుకోవాలి. రాముడు వచ్చాడు. సీత వచ్చింది. బండి వచ్చింది. మన వ్యాకరణంలో ఏకవచనంలో ఆడదానికీ బండికీ ఒకటే క్రియ. బహువచనంలో మాత్రం స్త్రీలని మగవాళ్ళతో కలిపి "వచ్చారు" అంటాం. బి.ఏ.లో మా తెలుగు మేడమ్ ఈ సూత్రం చెబుతుంటే, "అయితే ఒంటరిగా వెళితే వస్తువులమూ, గుంపుగా వెళితే మనుషులమూనా మేడమ్?" అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు. క్లాసంతా గొల్లుమంది. మేడమ్ కూడా నవ్వారు గానీ జవాబు చెప్పలేదు.

ఇటలీ ఫియట్ 1100ని బొంబాయిలో తయారుచేసి మనకి అమ్మారు. 1970లలో దానికి పెట్టిన పేరేమిటి? ప్రీమియర్ పద్మిని. రాణీ పద్మినిని తలుచుకున్నా సరే, ఆడవాళ్ళని నాలుగు జాతులుగా విడదీసిన శాస్త్రంలోని పద్మినీ జాతిని తలుచుకున్నా సరే, మొత్తానికి దాన్నీ ఒక ఉత్తమ ఇల్లాలిని చేశారు. స్టీరింగు పక్కనే గేరు కాడ, ముందు సోఫాలాంటి ఒకటే సీటు, ముగ్గురు సర్దుకుని కూర్చునే వీలు. నేను డ్రైవింగు నేర్చుకున్నది మా నాన్నగారి పద్మిని మీదే. 2023 అక్టోబరులో బొంబాయి టాక్సీల్లోంచి పద్మినులు శాశ్వతంగా తప్పుకున్నాయని పేపర్లో చదివి, ఎవరో తెలిసిన పెద్దావిడ పోయినంత బాధపడ్డాను.

ఇప్పుడు నా అభ్యంతరం చెబుతాను. కారు స్త్రీయే, ఎందుకంటే చెప్పినట్టు వింటుంది అంటాడు కవి. ఇటలీ కారు స్త్రీయే, ఎందుకంటే చెప్పినట్టు వినదు అంటారు మావారు. ఒకే పాత్ర మీద ఇద్దరు విమర్శకులు ఇలా అడ్డంగా రాశారంటే, ఇద్దరూ పుస్తకం చదవలేదన్నమాట.

నాకు చదివే అవకాశం 2018లో వచ్చింది. మా పిన్ని కొడుకు టూరిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ళ ఇంటి యజమానురాలికి డెబ్భై దాటాయి. ఆవిడ దగ్గర 1970ల నాటి ఎర్రటి ఆల్ఫా రోమియో స్పైడర్ ఉంది. 1966లో మొదటిసారి లోకానికి చూపించిన కారది. అప్పట్లో వెనకవైపు గుండ్రంగా ఉండేది. 1970 నుంచీ తోక కత్తిరించినట్టు చేశారు. ఇంజను పైభాగంలో రెండు కామ్‌షాఫ్టులు, అయిదు గేర్లు, పైన కప్పు బదులు మడిచేసుకునే గుడ్డ. ఉన్నవి రెండే సరైన సీట్లు, అంచేత మా తమ్ముడికి చోటు లేదు. ఊరవతల సూపెర్గా కొండ మొదలయ్యేచోట ఆవిడ కారాపి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి నా వైపు తలుపు తీసింది. నా దగ్గర అంతర్జాతీయ పర్మిట్ ఉందని మా తమ్ముడు ముందే చెప్పాడు కాబోలు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు ఇటాలియన్ రాదు. "పియానో, పియానో" అంది, అరచెయ్యి కిందికి ఆడిస్తూ. అంటే మెల్లిగా అని.

ముందు చేదు సంగతి చెబుతాను. ఆ సీటు నాకోసం కాదు. ఆ కాలపు ఇటలీ కార్లలో కూర్చోవడానికి పొడుగు చేతులు, పొట్టి కాళ్ళు ఉండాలని లోకమంతా వేళాకోళం చేస్తుంది. నేను వీపు వెనక దిండు పెట్టుకున్నాను. అయినా స్టీరింగు దూరం, పెడల్స్ దగ్గర. ఇది రాసినవాళ్ళ మనసులో ఉన్న పాఠకురాలిని నేను కాదని మొదటి పేజీలోనే తెలిసిపోయింది. ఈ మాట మా కాఫీ సభలో ఇరవై ఏళ్ళుగా ఒక్కరూ అనలేదు చూడండి!

కానీ మిగతా పేజీలు చదవాల్సినవే.  పెడల్స్ మీద పాదం పెట్టగానే నాకు మా అమ్మ కుట్టుమిషను గుర్తొచ్చింది. ఆ మిషను మేమెవరం తొక్కినా దారం తెంపేది, అమ్మ తొక్కితే పాట పాడేది. అలుగుతుందని మేం అనుకునేవాళ్ళం. అలక లేదు, పాడూ లేదు! చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి, అప్పుడు పాదం కలపాలి. అమ్మ కలిపేది, మేం తొక్కేసేవాళ్ళం.

ఇక్కడా అంతే. పాత ఆల్ఫాల్లో గేర్‌బాక్సులో నూనె వేడెక్కేదాకా రెండో గేరుకి తొందరపడకూడదని వాటిని ప్రేమించేవాళ్ళందరూ చెబుతారు. ఒక్క క్షణం ఆగి వేస్తే మెత్తగా పడుతుంది. ఇంజను తక్కువ వేగంలో ముభావంగా ఉంటుంది, తిరగనిస్తే గొంతు విప్పుతుంది. అంచేత కొండమీద బద్ధకంగా పైగేరులో ఈడ్చకుండా, మలుపుకి ముందే వేగం తగ్గించి, గేరు దించి, మలుపు సగం దాటాక కాలు నొక్కాలి. కారు ఆగి ఉంటే స్టీరింగు రుబ్బురోలంత బరువు. కదిలిందా, తేలికైపోతుంది. రోడ్డుమీది గరుకూ నునుపూ అన్నీ అరచేతుల్లోకి వచ్చేస్తాయి. అయిదో మలుపు దగ్గర నాకు సంగతి బోధపడింది. ఇది చెప్పినట్టు వినే కారూ కాదు, వినని కారూ కాదు. ప్రతి పనికీ జవాబు చెప్పే కారు. నేను సరిగ్గా చేస్తే సరైన జవాబు, తప్పు చేస్తే వెంటనే తప్పని జవాబు. మొహమాటం లేదు. ఇలా జవాబు చెప్పడాన్ని "అలక" అనీ, "టెక్కు" అనీ పేర్లు పెట్టినవాళ్ళెవరో ఊహించుకోవచ్చు.

ఈ విషయం బాగా అర్థం చేసుకున్నవాడు ఒక సినిమా దర్శకుడు. 1962లో దీనో రీసి తీసిన "ఇల్ సొర్పాస్సో" చూడండి. పేరుకి అర్థం ఓవర్‌టేక్ చేయడం అని. ఆగస్టు 15, పండగ సెలవు, రోమ్ నగరం ఖాళీ. బ్రూనో అనే సరదా మనిషి, కిటికీలోంచి చూస్తున్న రొబెర్తో అనే లా విద్యార్థిని లాంచియా ఆరేలియా కారెక్కించుకుని బయల్దేరతాడు. కనిపించిన ప్రతి బండినీ దాటుకుంటూ, హారన్ మోగించుకుంటూ రెండు రోజుల ప్రయాణం. ఆ కారు సామాన్యమైంది కాదు. అమ్మకానికి తయారైన కార్లలో మొట్టమొదట వి-ఆకారపు ఆరు సిలిండర్ల ఇంజను వచ్చింది 1950లో, ఆరేలియాలోనే. చివరికి ఒక ఓవర్‌టేక్ తప్పి, కారు కొండమీంచి పడి కుర్రవాడు చనిపోతాడు. బ్రూనో బతుకుతాడు. పోలీసు పేరడిగితే రొబెర్తో అని చెబుతాడు గానీ ఇంటిపేరు చెప్పలేకపోతాడు. తెలిస్తే కదా!

నాకు సినిమా అంతటికీ ఆ ఒక్క మాటే గుండెలో గుచ్చుకుంది. కారుని అంత ముచ్చటగా నడిపినవాడికి పక్కసీటులో కూర్చున్న మనిషి ఇంటిపేరు తెలీదు. జవాబు చెప్పే కారు ఇచ్చారు, వాడు మాత్రం వినలేదు. తప్పు కారుది అనగలమా?

అలాగని ఇటలీ కార్లకి తప్పులే లేవంటే నేను విమర్శకురాలిని కాను, మావారి పార్టీలో చేరినదాన్నవుతాను. దక్షిణ ఇటలీలో ఉద్యోగాలు కల్పించాలని నేపుల్స్ దగ్గర పొమిల్యానోలో పెద్ద ఫ్యాక్టరీ కట్టారు. 1972 నుంచి అక్కడ తయారైన ఆల్ఫాసుడ్ అనే చిన్న కారు, మలుపుల్లో దాని నడకకీ, స్టీరింగుకీ ఎంతో పేరు తెచ్చుకుంది. కానీ రేకు తుప్పుపట్టిపోయేది. లాంచియా బేటా సంగతీ అంతే. 1980లో ఇంగ్లండులో ఆ కార్లని తుప్పు కారణంగా కంపెనీయే తిరిగి కొనుక్కోవాల్సి వచ్చింది. దీన్ని కూడా "స్వభావం" అని మురిసిపోయేవాళ్ళున్నారు. కాదండీ. డ్రైవరు నేర్పుతో సర్దుకునేది స్వభావం. ఎంత నేర్పున్నా సర్దుకోలేనిది లోపం. డబ్బిచ్చి కొన్నవాడికి జరిగిన అన్యాయాన్ని వలపు కబుర్లతో కప్పకూడదు. అందగత్తె కదా అని క్షమించేస్తే, ఆ క్షమ వల్ల లాభం కంపెనీకే గానీ ఆమెకి కాదు.

ఇటలీ రక్తంలోనే ఆ అలక ఉందనే వాదం ఇంకొకటి. మీ ఇంట్లో పాత డీజిల్ స్విఫ్ట్ ఉందా? అందులోని 1.3 లీటర్ల ఇంజను ఫియట్ రూపకల్పనే. ఎన్నడైనా అలిగిందా? 2016లో వచ్చిన ఫియట్ 124 స్పైడర్ తయారైంది జపానులోని హిరోషిమాలో, మాజ్దా ఫ్యాక్టరీలో. రక్తం కాదు, పెంపకం. ఎవరు ఎంత శ్రద్ధగా చేశారన్నదే లెక్క.

ఆఖరుగా, మా కాఫీ సభలో ఎన్నడూ వినపడని రెండు పేర్లు. మరియా తెరెసా దె ఫిలిప్పిస్‌ది నేపుల్స్. నువ్వు వేగంగా నడపలేవని అన్నలు పందెం కాస్తే, 1948లో చిన్న ఫియట్ 500తో తొలి పోటీ నెగ్గింది. 1958లో మసెరాటీ నడుపుతూ బెల్జియం గ్రాన్ ప్రీలో పదో స్థానంలో వచ్చింది. ఫార్ములా వన్ ప్రపంచ పోటీల్లో నడిపిన మొదటి స్త్రీ ఆవిడే. లెల్లా లొంబార్ది మాంసం కొట్టు యజమాని కూతురు. సరుకు చేరవేసే వ్యాను నడుపుతూ చెయ్యి తిప్పుకుంది. 1975లో స్పెయిన్ పోటీలో ఆరో స్థానం. పందెం మధ్యలో ఆపేసినందువల్ల ఒక పాయింటు బదులు అర పాయింటే ఇచ్చారు. ఫార్ములా వన్‌లో పాయింటు సంపాదించిన స్త్రీ ఇప్పటికీ ఆవిడొక్కతే. కారు స్త్రీలాంటిదని వర్ణించడానికి లక్షమంది ఉన్నారు. నడిపిన స్త్రీల పేర్లు చెప్పమంటే నీళ్ళు నములుతారు.

ఇంతకీ నా సూపెర్గా ప్రయాణం ఏమైందంటారా? పైదాకా వెళ్ళి, చర్చి ముందు కాసేపు నిలబడి ఊరుని చూసి దిగివచ్చాం. దిగేటప్పుడు పెద్దావిడే నడిపింది. ఇంటి సందులోకి తిరగ్గానే దిగి మళ్ళీ తాళాలు నా చేతిలో పెట్టింది. మా తమ్ముడు బాల్కనీలోంచి చూసి లోపల వాళ్ళావిడకి కేకేశాడు.

"ఏమేవ్, కారొచ్చింది! అక్కొచ్చింది!"

ఒకటే క్రియ. నాకు మా తెలుగు మేడమ్ గుర్తొచ్చి నవ్వాగలేదు.

"అలా కాదురా," అన్నాను ఇంజను ఆపుతూ. "మేం వచ్చాం."

ఉత్తమ పురుషలో మన క్రియకి ఆడా మగా తేడా లేదు. పేరులో మాత్రం పురుషుణ్ణే పెట్టుకున్నారనుకోండి!