చిరునామా చూసి తూచే తూకం

పరిశోధన పత్రికకు వ్యాసం వస్తే, అచ్చుకు తగునో కాదో చెప్పమని సంపాదకులు ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురు పరిశీలకులకు పంపుతారు. చాలా పత్రికల్లో రాసినవారికి పరిశీలకులెవరో తెలియదు. పరిశీలకులకు మాత్రం రాసినవారి పేరూ, సంస్థా, దేశమూ తెలుసు. తిరకాసంతా ఇక్కడే ఉందని నా అనుమానం.

1998లో అమెరికా వైద్య సంఘం పత్రిక 'జామా'లో ఆన్ లింక్ ఒక పరిశీలన ప్రకటించారు. 'గ్యాస్ట్రోఎంటరాలజీ' పత్రికకు 1995, 1996లలో వచ్చిన వ్యాసాలపై పరిశీలకుల తీర్పులను ఆమె దేశాలవారీగా విడదీసి చూశారు. అమెరికా పరిశీలకులు అమెరికా వ్యాసాల వైపు స్పష్టంగా మొగ్గారు. సరే, తనవాడిమీద మమకారం ఎవరికి లేదు? నన్ను ఆపింది రెండో సంగతి. బయటిదేశాల పరిశీలకులు కూడా, అంత ఎక్కువగా కాకపోయినా, అమెరికా వ్యాసాలనే మెరుగైనవిగా ఎంచారు. బయటి వ్యాసాలను మటుకు ఇరువర్గాలూ దాదాపు ఒకే తీరున తూచాయి.

అమెరికా వ్యాసాలే నిజంగా మేలైనవి కావచ్చు కదా అనవచ్చు. డబ్బు, పరికరాలు, పుట్టుకతో వచ్చిన ఇంగ్లీషు వారికున్నాయి, కొంత ఒప్పుకుంటాను. అయితే అవే వ్యాసాలు అమెరికావారికి ఇంకాస్త ఎక్కువ బాగా కనిపించడానికి ఆ జవాబు చాలదు.

మరో చిన్న విషయం గమనించండి. మన దేశంలో జరిగిన అధ్యయనానికి శీర్షికలోనే 'భారతదేశంలో' అని తగిలిస్తారు. అమెరికా విద్యార్థుల మీద చేసినదానికి తరచు ఆ తోక ఉండదు. అది మనుషులందరి గురించీ అయిపోతుంది.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. గుంటూరు తెలుగులో రాస్తే కథ. హోసూరు తెలుగులో రాస్తే 'హోసూరు కథ'. నిష్ఠూరంగా ఉన్నా చెబుతాను, ఆ ముద్ర కోస్తావారొక్కరే వేయడం లేదు. బెంగుళూరులో, బరంపురంలో కూర్చుని మనం కూడా మన పక్కింటి రచయితను అలాగే చదువుతున్నాం, విజయవాడలో అచ్చయినదాన్ని మాత్రం ప్రమాణమని అటకెక్కించుకుంటున్నాం.

పేరూ ఊరూ దాచి పంపితే మేలని కొన్ని పత్రికలు ఆ పద్ధతి పెట్టాయి. కొంత ఉపయోగమే. కానీ ఇంగ్లీషు వాక్యం నడక దాగదు, రోగుల ఊరు దాగదు. కథలో మొదటి వాక్యంలోనే 'ఉండాది' అని కనబడితే, ఇక కవరుమీద ఊరిపేరు కొట్టేసి ఏం లాభం?